రోమ్ పాత గుళ్లను ఆర్ట్ గ్యాలరీల్లా చూడటం ఎలా?

రోమ్ వెళ్లొచ్చిన మనవాళ్లను ఫోరం, అంటే పాత రోమ్ నడిబొడ్డున గుళ్లు, సభలు ఉండే మైదానం, ఎలా ఉందని అడిగితే చాలామంది ఒకటే మాట చెబుతారు: "ఎండలో రాళ్లు తప్ప ఏం లేవండి." వాళ్ల తప్పేం లేదు. అక్కడ మిగిలినవి అరుగులు, సగం గోడలు, అక్కడక్కడ మూడేసి స్తంభాలు. లోపలున్న వస్తువుల్లో కొన్ని కాలిపోయాయి, కొన్నిటిని ఎత్తుకుపోయారు, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. మిగిలిన కాసినీ మ్యూజియాలకు చేరాయి. ఏ గుడిలో ఏం ఉండేదో ముందే తెలుసుకుని వెళ్తే మాత్రం ఆ ఖాళీ అరుగుల దగ్గర నుంచి కదలబుద్ధి కాదు.

రోమన్ల బలులు, తంతులు అన్నీ గుడి బయట, మెట్ల ముందుండే బలిపీఠం దగ్గరే జరిగేవి. లోపల గర్భగుడిలో దేవుడి విగ్రహం పోను బోలెడంత చోటు మిగిలేది. యుద్ధాల్లో తెచ్చిన గ్రీకు శిల్పాలు, చిత్రపటాలు, రత్నాలు అక్కడ పెట్టేవారు. సిసిలీ గవర్నరుగా పనిచేసి అక్కడి గుళ్లను దోచుకున్న వెర్రెస్ మీద క్రీ.పూ. 70లో సిసెరో అనే వక్త కేసు నడిపాడు. ఆ ప్రసంగాల్లో ఒకచోట ఎత్తిపొడుపుగా అంటాడు: మాలాంటి వాళ్లం మంచి శిల్పం చూడాలంటే ఫెలిసిటాస్ దేవత గుడికో, సేనాపతి కాటులస్ కట్టించిన చోటికో, మెటెల్లస్ మంటపానికో వెళ్లాలి, లేదంటే ఏ పెద్దమనిషైనా తన తోట బంగళాలోకి రానిస్తాడేమో చూసుకోవాలి అని. నిజానికి సేనాపతులు చేసిందీ వెర్రెస్ చేసిందీ ఒకే పని. వాళ్లు తెచ్చి గుడికిచ్చారు, వీడు ఇంట్లో పెట్టుకున్నాడు. వాళ్లకు విజయోత్సవం, వీడికి కేసు.

ఈ పద్ధతిలో రోమ్ చూడటానికి రెండు రోజులు, ఇంకో పూట చాలు.

ముందు ఒక పేజీ జాబితా రాసుకోండి

టికెట్ల కన్నా ముందు చేయాల్సిన పని ఇదే. రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతంలో పూర్తి చేసిన ప్రకృతి చరిత్రలో 34వ భాగం కంచు గురించి, 35వది రంగుల బొమ్మల గురించి, 36వది రాయి గురించి. ఇంగ్లిష్ అనువాదం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొత్తం చదవక్కర్లేదు. గుళ్ల పేర్లతో వెతికి, ఒక కాగితం మీద మూడు గడులు గీసి రాసుకోండి: ఏ గుడి, లోపల ఏం ఉండేది, ఇప్పుడెక్కడ ఉంది. మూడో గడిలో ఎక్కువసార్లు "లేదు" అని రాయాల్సి వస్తుంది. రాయండి, ఫర్వాలేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. కాపిటోలైన్ కొండ మీద జూపిటర్ గుడిలో, జూనో దేవత గదిలో ఒక కంచు కుక్క ఉండేది. తన గాయాన్ని తానే నాక్కుంటున్న కుక్క. నిజం కుక్కే అనిపించేంత బాగా చేశారట. దానికి ఎంత పూచీకత్తు కట్టినా చాలదని, ఆ బొమ్మకేమైనా అయితే గుడి కాపలాదారులు ప్రాణాలతో జవాబు చెప్పాలని తీర్మానం చేశారు. క్రీ.శ. 69 అంతర్యుద్ధంలో గుడితోపాటే అదీ కాలిపోయింది. ఆ గుడి పునాది గోడ ఇప్పుడు కాపిటోలైన్ మ్యూజియం లోపలే ఉంది. ఈ కథ తెలియనివాళ్లు ఆ గోడను చూడకుండానే దాటేస్తారు.

చెక్కుచెదరని గుడితో మొదలుపెట్టండి

అందరూ నేరుగా ఫోరంకు పరుగెడతారు. మీరు అలా చేయకండి. మొదటి రోజు పొద్దున టైబర్ ఒడ్డున బొక్కా దెల్లా వెరితా చౌరస్తాకు వెళ్లండి. రాతి ముఖం నోట్లో చెయ్యి పెట్టి ఫోటో దిగడానికి అక్కడి చర్చి ముందు పెద్ద క్యూ ఉంటుంది. దాన్ని వదిలేసి రోడ్డుకు ఇవతలి పార్కులోకి నడవండి. రెండు గుళ్లు కనిపిస్తాయి.

నలుచదరంగా ఉన్నది పోర్టునస్ అనే రేవు దేవుడి గుడి. ఇప్పుడున్న కట్టడం క్రీ.పూ. 1వ శతాబ్దం తొలినాళ్లది. 9వ శతాబ్దంలో చర్చిగా మార్చడం వల్ల బతికిపోయింది. రోమన్ గుడి ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎత్తైన అరుగు, ముందువైపు మాత్రమే మెట్లు, స్తంభాలతో ముఖమంటపం, వెనక గర్భగుడి. పక్కకు వెళ్లి గోడను చూడండి. ముందువైపు స్తంభాలు విడిగా నిలబడితే, పక్క గోడల మీదవి సగం స్తంభాలే, గోడకు అతుక్కుని ఉంటాయి. చుట్టూ స్తంభాలుండే గ్రీకు గుడిలా కనిపించాలి, అదే సమయంలో లోపల గది కూడా వెడల్పుగా ఉండాలి. దానికి రోమన్లు కనిపెట్టిన ఉపాయం ఇది. రాయి కూడా పాలరాయి కాదు, స్థానికంగా దొరికే రాయి మీద తెల్లటి గచ్చు పూత.

మెట్లు లెక్కపెట్టడం కూడా అలవాటు చేసుకోండి. గుడి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాశాడు. కుడికాలు పెట్టి ఎక్కడం మొదలుపెడితే పైన కూడా కుడికాలే ముందు పడాలట. కొత్త కోడలిని కుడికాలు పెట్టి రమ్మనే మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

పక్కనున్న గుండ్రటి గుడి హెర్క్యులిస్‌ది. రోమ్‌లో నిలిచి ఉన్న పాలరాతి కట్టడాల్లో ఇదే పాతది, క్రీ.పూ. 2వ శతాబ్దం చివరిది. రాయి ఏథెన్స్ దగ్గరి పెంటెలికాన్ కొండ నుంచి వచ్చింది. ఇరవై స్తంభాల్లో ఒకటి లేదు. పైకప్పు తర్వాతి కాలంది, దాన్ని చూసి మోసపోకండి.

కాటులస్ గుడి

అక్కడి నుంచి ఇరవై నిమిషాల్లోపు నడకలో లార్గో అర్జెంతీనా వస్తుంది. రోడ్డు కన్నా లోతున, వరుసగా నాలుగు గుళ్ల శిథిలాలు. ఒకప్పుడు పైనుంచి తొంగి చూడటమే. 2023 జూన్ నుంచి టికెట్ తీసుకుని కిందికి దిగొచ్చు. పక్కనే సేనాపతి పాంపే కట్టించిన సభామందిరంలో క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్‌ను పొడిచారు కాబట్టి గైడ్లందరూ ఆ కథే చెబుతారు. అక్కడి పిల్లుల గురించి కూడా చెబుతారు. మీరు గుండ్రటి గుడి ముందు ఆగండి. దానికి ఆరు స్తంభాలు నిలబడి ఉన్నాయి.

సిసెరో చెప్పిన కాటులస్ చోటు ఇదేనని పండితులు ఎక్కువమంది అనుకుంటున్నారు. క్రీ.పూ. 101లో వెర్సెల్లే యుద్ధంలో గెలిస్తే గుడి కట్టిస్తానని కాటులస్ మొక్కుకున్నాడు. దేవత పేరు "ఈ రోజుటి అదృష్టం". రోమన్లు ఆ రోజు కలిసొచ్చిన అదృష్టానికి కూడా గుడి కట్టేవారు. ఫిడియాస్ చేసిన రెండు విగ్రహాలను కాటులస్ ఈ గుడికే ఇచ్చాడని ప్లినీ రాశాడు. ఏథెన్స్ పార్థెనాన్‌లో ఎథీనా విగ్రహం చేసిన ఫిడియాసే ఇతను. అవి ఇప్పుడు లేవు. కానీ తవ్వకాల్లో ఈ గుడి పక్కనే ఒక పెద్ద దేవత విగ్రహం తల, చేయి, పాదాలు దొరికాయి. తల ఒక్కటే దాదాపు ఒకటిన్నర మీటర్లు. చర్మం కనిపించే చోట్ల మాత్రమే పాలరాయి వాడి, మిగతా ఒళ్లు వేరే సరుకుతో చేశారు. ఆ తల ఇక్కడ లేదు, మోంటెమార్టినీ మ్యూజియంలో ఉంది. కాబట్టి గుడి గుండ్రటి అరుగు ఎంత ఉందో ఇక్కడే ఒకసారి అడుగులతో కొలిచినట్టు చూసుకోండి. అంత విగ్రహం ఇంత గుడిలో ఎలా పట్టిందన్న అనుమానం మూడో రోజు తప్పకుండా వస్తుంది.

నాటకం చూడటానికీ గుడికే

లార్గో అర్జెంతీనా నుంచి పడమటికి ఐదు నిమిషాలు నడిస్తే గ్రోట్టా పింటా వీధి. ఆ వీధిలో ఇళ్లన్నీ విల్లులా వంగి ఉంటాయి. అవి క్రీ.పూ. 55లో పాంపే కట్టించిన థియేటర్ ప్రేక్షకుల మెట్ల మీద లేచిన ఇళ్లు. రోమ్‌లో మొదటి శాశ్వత రాతి థియేటర్ అదే. మెట్ల వరుసల పైన, నడినెత్తిన, వీనస్ గుడి ఉండేది. నేను థియేటర్ కట్టలేదు, గుడికి మెట్లు కట్టాను అని పాంపే సర్దిచెప్పుకున్నాడని తర్వాతి రచయిత ఒకాయన రాశాడు.

ఆ సాకు పూర్తిగా అబద్ధం కూడా కాదు. అంతకుముందు నాటకాలాడేది గుళ్ల ముందే, తాత్కాలికంగా వేసిన చెక్క వేదికల మీద. పాలటైన్ కొండ మీద మహామాత గుడిని క్రీ.పూ. 191లో ప్రతిష్ఠించినప్పుడు ప్లాటస్ హాస్య నాటకం "స్యూడోలస్" ఆడారు. ఎత్తైన అరుగు మీదున్న దేవతకు కూడా వేదిక కనిపించాలి, ఆటలు ఆమె పేరు మీదే కదా. ఇంకా ముందు, క్రీ.పూ. 207లో, లివియస్ ఆండ్రోనికస్ అనే కవి గౌరవార్థం అవెంటైన్ కొండ మీది మినర్వా గుడిని రచయితలు, నటులు కలుసుకునే చోటుగా ఇచ్చారు.

ఆ రోజు చివర పాంథియన్ పెట్టుకోండి, దగ్గరే. 2023 జులై నుంచి లోపలికి టికెట్ ఉంది. ఇప్పటికీ అది చర్చే కాబట్టి భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోండి. ప్రార్థనల వేళ యాత్రికులను రానివ్వరు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను రెండు మాటలతో ఆపేస్తాను. గుమ్మం మీద ఆగస్టస్ సేనాపతి అగ్రిప్పా పేరు ఉన్నా ఇప్పుడున్న కట్టడం హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయింది. అగ్రిప్పా కట్టించిన మొదటి పాంథియన్‌లో వీనస్ విగ్రహానికి క్లియోపాత్రా ముత్యాన్ని రెండుగా కోసి చెవులకు పెట్టారని ప్లినీ అంటాడు. జత ముత్యాన్ని ఆమె పందెం కోసం వెనిగర్‌లో కరిగించి తాగేసిందట. కథ నమ్మినా నమ్మకపోయినా, గుడిలో విగ్రహం చూడటానికి వచ్చిన జనానికి ఇలాంటి కబుర్లు కావాలన్నది మాత్రం నిజం. లోపల 43 మీటర్ల గుమ్మటం కింద నిలబడి, నేల మీద నీళ్లు పోవడానికి చేసిన చిన్న చిన్న రంధ్రాలు వెతకండి. పైన కన్నులాంటి రంధ్రం తెరిచే ఉంటుంది, వాన లోపలే పడుతుంది.

రెండో రోజు: పాలటైన్, ఫోరం

కొలోసియం, ఫోరం, పాలటైన్‌లకు కలిపి ఒకే టికెట్ ఇస్తారు. కొనేటప్పుడు పాలటైన్ మ్యూజియం అందులో ఉందో లేదో చూసుకోండి, ఈ పద్ధతిలో అది లేకపోతే లాభం లేదు. నెల మొదటి ఆదివారం ఉచిత ప్రవేశం కదా అని వెళ్తే జనం తప్ప ఏమీ కనిపించదు. బూట్లు గట్టివి వేసుకోండి, ఫోరంలోని పాత దారి వయా సాక్రా రాళ్లు పాదాలను పిండేస్తాయి. నీళ్ల సీసా ఒక్కటి చాలు, దారిలో కుళాయిల నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు.

పొద్దునే పాలటైన్ ఎక్కండి. మొదటి చక్రవర్తి ఆగస్టస్ ఇంటి పక్కన ఒక మొండి కాంక్రీటు దిమ్మె కనిపిస్తుంది. చూడటానికి ఏమీ ఉండదు. అది క్రీ.పూ. 28 అక్టోబరు 9న ప్రతిష్ఠించిన అపోలో గుడి. జాబితా ఇక్కడే బయటికి తీయండి. తలుపులు ఏనుగు దంతంతో చేసినవి. ఒక రెక్క మీద డెల్ఫీ నుంచి తరిమేసిన గాల్ సైనికులు, రెండో రెక్క మీద నియోబె పిల్లల చావు. కప్పు మీద సూర్యుడి రథం. బలిపీఠం చుట్టూ మైరాన్ చేసిన ఆవులు, నిజం ఆవుల్లా ఉన్నాయని ప్రొపెర్షియస్ కవి రాశాడు. లోపల స్కోపాస్ చేసిన అపోలో, తిమోథియస్ చేసిన డయానా, కెఫిసోడోటస్ చేసిన వాళ్ల తల్లి లటోనా. ముగ్గురూ గ్రీకు శిల్పులే, ఎప్పుడో చనిపోయినవాళ్లే. గుడిని ఆనుకుని గ్రీకు పుస్తకాలకు, లాటిన్ పుస్తకాలకు గ్రంథాలయం. క్రీ.పూ. 17లో 27 మంది అబ్బాయిలు, 27 మంది అమ్మాయిలు హోరేస్ కవి రాసిన స్తోత్రాన్ని పాడింది ఈ గుడి దగ్గరే. తర్వాత కాపిటోలైన్ మీద మళ్లీ పాడారు.

ఇదంతా ఒక దిమ్మె ముందు నిలబడి ఊహించుకోవడం కష్టమే. అందుకే వెంటనే, అలసిపోకముందే, కొండ మీదున్న మ్యూజియంలోకి వెళ్లండి. ఈ గుడికి చెందిన రంగుల మట్టి ఫలకాలు అక్కడున్నాయి. మూడుకాళ్ల పీఠం కోసం అపోలో, హెర్క్యులిస్ పెనుగులాడుతుంటారు. ఇంకో ఫలకం మీద పెర్సియస్ మెడూసా తలను ఎథీనాకు చూపిస్తుంటాడు. నీలం, ఎరుపు రంగులు ఇంకా మిగిలే ఉన్నాయి. రోమన్ గుళ్లు తెల్లగా, పాలరాతి ముద్దల్లా ఉండేవన్న అపోహ ఈ ఒక్క గదితో వదిలిపోతుంది. నల్లరాతి ఆడపిల్లల విగ్రహాలు కూడా అక్కడే, ఆ గుడి మంటపంలోవి.

కిందికి దిగి ఫోరం చివర, కాపిటోలైన్ కొండ మొదట్లో ఉన్న కాంకార్డియా (సామరస్య దేవత) గుడికి రండి. నన్నడిగితే రోమ్‌లో అసలైన గ్యాలరీ ఇదే. తర్వాత చక్రవర్తి అయిన టిబెరియస్ దీన్ని తిరగకట్టి క్రీ.శ. 10 జనవరి 16న ప్రతిష్ఠించాడు. వెనక కొండ అడ్డు రావడంతో లోతు తగ్గించి వెడల్పు పెంచారు, అందుకే మిగతా గుళ్లలా పొడవుగా ఉండదు. పెద్ద కిటికీలు కూడా పెట్టారు, బొమ్మలు చూడటానికి వెలుతురు కావాలి కదా. యూఫ్రానార్ చేసిన లటోనా, చంకలో పసివాళ్లు అపోలో, డయానాలతో. జ్యూక్సిస్ గీసిన, కట్టేసి ఉన్న మార్సియాస్. నికియాస్ గీసిన మద్య దేవుడు లైబర్. ఆగస్టస్ ఇచ్చిన నల్లటి అగ్నిపర్వత గాజు ఏనుగులు నాలుగు. ఆగస్టస్ భార్య లివియా కానుకగా ఇచ్చిన బంగారు కొమ్ములో ఒక ఉంగరపు రాయి, అది పోలిక్రటీస్ రాజుదని చెప్పి చూపించేవారు. పారోస్ దీవివాళ్ల చేత వెస్టా విగ్రహాన్ని బలవంతాన అమ్మించి టిబెరియస్ ఇక్కడికి తెచ్చాడు. ఇంతకుముందున్న గుడిలో అయితే క్రీ.పూ. 63 డిసెంబరు 5న కుట్ర పన్నిన కాటిలైన్ మనుషులను ఏం చేయాలన్న సెనేట్ చర్చ జరిగింది.

ఇప్పుడక్కడ అరుగు లోపలి కాంక్రీటు, గడప రాయి మిగిలాయి. తర్వాత కాపిటోలైన్ మ్యూజియానికి వెళ్లినప్పుడు కింది అంతస్తులో టాబులేరియం అనే పాత రోమన్ కట్టడం నడవాలోకి దిగండి. ఈ గుడి చూరు ముక్కను అక్కడ అతికి నిలబెట్టారు. కళ్లెదుట, చేతికందేంత దూరంలో. ఆకులు, గుడ్ల ఆకారాల వరుసలు, దంతాల్లాంటి చిన్న చిన్న దిమ్మెలు, ఏదీ తొందరగా కొట్టిపారేసిన పని కాదు. అంత ఎత్తున, కింది నుంచి సరిగా కనిపించని చోట ఇంత చెక్కారు. అదే నడవా కిటికీల్లోంచి గుడి అరుగు మీకు సరిగ్గా కింద ఉంటుంది.

టికెట్ లేకుండా చూసేవి

ఫోరి ఇంపీరియాలి రోడ్డు మీద నడుస్తూ మూడు చూడొచ్చు. సీజర్ ఫోరంలో మూడు స్తంభాలు వీనస్ గుడివి, క్రీ.పూ. 46. తిమోమాకస్ గీసిన మెడియా, అజాక్స్ బొమ్మలకు సీజర్ 80 టాలెంట్లు, అంటే పెద్ద మొత్తమే, పోశాడు. రోడ్డుకు అవతల యుద్ధ దేవుడు మార్స్ గుడి, క్రీ.పూ. 2. ఆ ఫోరంలో అపెలిస్ గీసిన అలెగ్జాండర్ బొమ్మలుండేవి. క్లాడియస్ చక్రవర్తి వచ్చి వాటిలో అలెగ్జాండర్ ముఖం కోయించి ఆగస్టస్ ముఖం పెట్టించాడు. ఇలాంటి ఘనకార్యాలు ఫ్లెక్సీల కాలంలోనే మొదలయ్యాయనుకుంటే పొరపాటు.

మూడోది శాంతి గుడి. క్రీ.శ. 70లో జెరూసలేం నాశనం చేశాక వెస్పేషియన్ చక్రవర్తి కట్టించి 75లో ప్రతిష్ఠించాడు. పేరు శాంతి, లోపల జెరూసలేం గుడి బంగారు పాత్రలు. నీరో తన బంగారు భవనంలో దాచుకున్న బొమ్మలు కూడా ఇక్కడికొచ్చాయి. తోట, గ్రంథాలయం ఉండేవి. ఔలస్ గెల్లియస్ అనే రచయిత ఎక్కడా దొరకని ఒక పుస్తకాన్ని వెతికి వెతికి ఇక్కడ పట్టుకున్నాడు. వైద్యుడు గాలెన్ కాలంలో చదువుకున్నవాళ్లు రోజూ కలుసుకునే చోటు ఇదే. 192 అగ్నిప్రమాదంలో గుడి కాలిపోయింది, దగ్గర్లోని గోదాములో గాలెన్ దాచుకున్న సొంత రాతప్రతులూ కాలిపోయాయి.

రోడ్డు పక్కన కాస్మా, డమియానో చర్చి ఇటుక గోడ చూడండి. వరసగా బెజ్జాలుంటాయి. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలంలో, 203-211 మధ్య, రోమ్ నగరం మొత్తం మ్యాపును పాలరాతి పలకల మీద చెక్కి ఆ గోడకు బిగించారు. 18 మీటర్ల వెడల్పు, 13 మీటర్ల ఎత్తు. పలకలు బిగించిన మేకుల గుర్తులే ఆ బెజ్జాలు. మిగిలిన ముక్కలను 2024 జనవరిలో చేలియో కొండ మీద తెరిచిన మ్యూజియంలో నేల మీద, గాజు కింద పరిచారు. వాటి మీద నడుస్తూ చూడొచ్చు. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి.

మూడో రోజు, ఒక పూట

మెట్రో బి లైన్‌లో గర్బతెల్లా స్టేషన్‌లో దిగితే మోంటెమార్టినీ పది నిమిషాల నడక. 1912లో మొదలైన కరెంటు కర్మాగారం, డీజిల్ ఇంజన్ల మధ్య విగ్రహాలు పెట్టారు. సోమవారం సెలవు. లార్గో అర్జెంతీనా దేవత తల ఇక్కడే. మార్సెల్లస్ థియేటర్ పక్కన మూడు స్తంభాలు మిగిలిన ఇంకో అపోలో గుడి ఉంది, దాన్ని సోసియస్ అనే సేనాపతి తిరగకట్టించాడు. ఆ గుడి ముందరి త్రికోణంలోని శిల్పాలు కూడా ఇక్కడే ఉన్నాయి. అమెజాన్లతో గ్రీకుల యుద్ధం, నడుమ ఎథీనా. ఈ శిల్పాలు ఆ గుడికన్నా నాలుగు వందల ఏళ్లు పాతవి, క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీసులో చెక్కినవి. అంటే ఎక్కడో ఒక గ్రీకు గుడి నుదుటి మీద నుంచి దించి తెచ్చి ఇక్కడ అమర్చారన్నమాట. జాబితాలో ఆ గుడి పక్కన మూడో గడి నింపుకోండి.

ఇంటికొచ్చాక ఇంకో పని మిగులుతుంది. పడిపోయిన గుళ్ల ముఖాలు నాణేల మీద ఉన్నాయి. పెద్ద మ్యూజియాల వెబ్‌సైట్లలో టిబెరియస్ కంచు నాణేలు, క్రీ.శ. 35-37 నాటివి, వెతకండి. కాంకార్డియా గుడి మొత్తం కనిపిస్తుంది. పక్క గదుల కిటికీలు, మెట్లకు అటూ ఇటూ విగ్రహాలు, కప్పు మీద బారులు తీరిన బొమ్మలు. మన తెలంగాణ, ఆంధ్ర నేలలో బయటపడిన రోమన్ నిధుల్లో కూడా టిబెరియస్ నాణేలున్నాయి. అవి వెండివి, వాటి మీద కూర్చున్న స్త్రీ బొమ్మ ఉంటుంది. గుడి కోసం వాటిలో వెతక్కండి, కంచువే చూడండి.